గంజి కోసం వచ్చినోళ్లమే

అవును, మేము గంజి కోసమే వచ్చినాం. గోధుమ నూక కోసం, పాలపొడి కోసం, జొరం బిళ్ల కోసం, కాన్పు కష్టమైన ఆడబిడ్డను అంటు అనకుండా ముట్టుకునే చేతుల కోసం వచ్చినాం. ఈ మాట సిగ్గు లేకుండా చెప్పేదానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది. ఈ మాట ఒప్పుకోలేక మేము వేసిన వేషాల వల్ల ఒక పిల్లోడు చచ్చిపోయినాడు. నేను మిగిలినాను. అందుకే రాస్తా ఉండా.

మాది పాకాల తట్టు ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, చెరువు కట్ట కింద మాలపల్లె. కాయితాల్లో ఆది ఆంధ్రవాడ. మా నాయన రెడ్డి కయ్యల్లో మడక దున్నినాడు, చెరుకు కొట్టినాడు, గానుగ కాడ రాత్రంతా బెల్లం పొయ్యి మండించినాడు. మా యమ్మ కలుపు తీసింది, చెనిక్కాయలు పెరికింది. మా జేజి రెడ్డోళ్ల గొడ్లచావిట్లో పేడ ఎత్తింది. మా ఇంట్లో ఏ తరంలోనూ ఎవరి వొళ్లూ వాళ్ల సొంతం కాదు. మొబ్బులో పిలుపొస్తే లేవాల. జొరమొచ్చినా లేవాల. 'ఏమిరా, దొంగ జొరమా?' అనే మాట మా నాయన ఎన్నిసార్లు పడినాడో లెక్కలేదు. మనిషికి జబ్బు చేయడం కూడా మా వాడలో నేరమే.

మా అబ్బ కాలంలోనే మా వాడ యేసును నమ్ముకునింది. బడిలో నా పక్క వరసలో కూచునే పెద్దకులం పిల్లోడు ఒక దినం నవ్వుతా అడిగినాడు: 'మీ అబ్బ గంజికి మతం అమ్ముకున్నాడంట గదరా? పాలపొడి కిరస్తానోళ్లంట గదరా మీరు?' బడంతా నవ్వింది. అయ్యవారు కూడా నవ్వినాడు. ఆ నవ్వు నా కడుపులో ముల్లు మాదిరి దిగబడిపోయింది.

ఈ నింద పాతది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని కాల్చేసిన కరువులో మాలమాదిగలు ఈగల మాదిరి రాలిపోయినారు. ఒంగోలులో క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని మనోళ్లకు కూలి ఇప్పించినాడు. కరువు నడిచినంతకాలం బాప్తిస్మం ఇవ్వను పొమ్మన్నాడు. తిండి కోసం వచ్చినారనే నింద వస్తాదని ఆయనకూ భయమే. కరువు తగ్గినాక 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది నీళ్లలో మునిగినారు. అంత జాగ్రత్త పడినా నింద పోయిందా? పోలేదు. ఎందుకు పోతాది? ఆ నింద మా విశ్వాసం మీద కాదు, మా ఆకలి మీద.

తిరుమల కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతా ఉంది. ఆ పంక్తిలో తిని చెయ్యి కడుక్కున్నోళ్లను ఎవరైనా 'సాంబారన్నానికి భక్తి అమ్ముకుంటివా?' అని అడిగినారా? అడగరు. అడగకూడదు కూడా. ఆకలైనోళ్లకు కూడు పెట్టడం ఎక్కడైనా మంచిపనే. మరి మా నోట్లో పడిన గంజి మాత్రమే లంచం ఎట్లయింది?

1991లో నేను డిగ్రీ చదవను తిరుపతికి వచ్చినాను. ఆగస్టు 6న చుండూరు జరిగింది. మనోళ్లను నరికి గోతాల్లో కుక్కి కాలువలో పడేసినారని పేపర్లో చదివి నాకు నిద్ర పట్టలేదు. ఏదో ఒకటి చేయాల అని వొళ్లంతా మంట. నా రూములో ఉండే ఇద్దరు దళిత సంఘంలోకి పోయినారు. నేను యవనస్తుల పరిచర్యలోకి పోయినాను. మా వాడ పిల్లోళ్లకు తలెత్తి పాడేది నేర్పించాల, తాగుడు మాన్పించాల, చదువులో నిలబెట్టాల అనుకున్నాను. అనుకున్నది తప్పు కాదు. ఆ పరిచర్యే నాకు మైకు ముందర నిలబడి మాట్లాడేది నేర్పింది. ఆ రుణం నేను మరిచిపోలేదు.

కానీ లెక్క చెప్పాల గదా. మొబ్బులో నాలుగ్గంటలకు లేచి ప్రార్థన. తర్వాత కాలేజీ. మధ్యాహ్నం కరపత్రాలు. సాయంత్రం సైకిలు మీద చంద్రగిరి తట్టు, రేణిగుంట తట్టు, వడమాలపేట తట్టు పల్లెలు. రాత్రి కూడిక ముగించి రూముకొచ్చేసరికి పదకొండు. శుక్రవారం ఉపవాసం, వారానికొక రాత్రి జాగారపు ప్రార్థన, నెలకొకసారి మూడు దినాల ఉపవాసం. ఎండాకాలం వీబీఎస్‌లు. ఏప్రిల్, మే నెలల్లో చిత్తూరు జిల్లా ఎండ ఎట్లుంటాదో తెలిసినోళ్లకు చెప్పబన్లేదు. జీతం లేదు. దానికి 'విశ్వాస జీవితం' అని పేరు. ఎవరినీ అడగకూడదు, ప్రభువే ఇస్తాడు. రెడ్డి కాడ మా నాయనకు ఏడాదికి ఇన్ని మూటల వడ్లు అని ఒక లెక్క ఉండింది. నాకు ఆ లెక్క కూడా లేదు.

ఒకసారి పుత్తూరు కాడ సైకిలు మీద నుంచి పడి చెయ్యి విరిగింది. పుత్తూరు కట్టు కట్టి కదలకుండా ఉండమని చెప్పినారు. ఆ రాత్రే మెడకు గుడ్డ తగిలించుకుని కూడికలో పాట పాడినాను. అందరూ చప్పట్లు కొట్టినారు. దాన్ని చానా దినాలు సాక్ష్యంగా చెప్పుకున్నారు. ఆ చెయ్యి ఈ పొద్దుటికీ భుజం పైకి లేవదు.

ఎందుకు అంత చేసినాం? మమ్మల్ని ఎవరూ తాళ్లతో కట్టి లాక్కపోలేదు. నాకు ఇప్పుడు తెలుస్తా ఉంది. 'గంజి కోసం వచ్చినారు' అన్న నోళ్లకు జవాబు చెప్పాలనే మేము గంజి మానేసినాం. చూడండి, మాకు తిండి అక్కరలేదు, మందు అక్కరలేదు, నిద్ర అక్కరలేదు, మేము ఆత్మ కోసం వచ్చినోళ్లం అని చూపించుకున్నాం. మా ఆకలిని ఎగతాళి చేసినోని ముందర పరీక్ష రాసినాం. పెద్దకులపోడు పెట్టిన పరీక్షలో మా పేగుల్తో పాసు కావాలని చూసినాం.

ఉపవాసమంటే ఏంది? తినేదానికి ఉండీ తినకుండా ఉండడం. తినేదానికి లేక తినకుండా ఉండేదానికి మా వాడలో వేరే పేరుంది. పస్తు. మా యమ్మ జీవితమంతా పస్తులుండింది. ఎవరూ ఆమెను భక్తురాలు అనలేదు. పస్తును ఉపవాసమని పిలిచేది మాకు ఎవరు నేర్పినారు? ఒక పండక్కి ఇంటికి పోతే మా జేజి నా చెంపలు తడిమి చూసి అనింది: 'ఏమిరా అబ్బోడా, మీ యేసుసామి సముద్రం గట్టున చేపలు కాల్చి, రాండిరా తినండిరా అన్యాడంట గదా. నిన్ను ఎండబెట్టమని ఎవుడు చెప్పినాడు?' అక్షరమ్ముక్క రాని మా జేజికి యోహాను సువార్త చివరి అధ్యాయం నాకంటే బాగా అర్థమైంది. నేను నవ్వి, ఆమె పెట్టిన సంగటి ముద్ద పక్కకు తోసి, ఈ దినం శుక్రవారం జేజీ అన్నాను.

వొళ్లు ముఖ్యం కాదు అనే ఉపదేశం అందరికీ ఒకే మాదిరి ఉండిందా? ఉండలేదు. కన్వెన్షన్లు జరిగితే పందిరికి గుంజలు నాటేది, జంపఖానాలు మోసేది, వంటకు నీళ్లు తోడేది మాల మాదిగ పిల్లోళ్లు. ప్రసంగానికి వచ్చిన బ్రదర్‌కు ఫ్యాను, కోడికూర. ఆయన పేరు చివర కులం తోక అట్లనే ఉంటాది, బాప్తిస్మంలో తడవనుగూడా తడవదు. మేము రాత్రి పదకొండుకు అడుగంటిన సాంబారు గిన్నెలు గీకి తినేవాళ్లం. ఒక విశ్వాసి ఇంట్లో, ఆయన కొత్తగా ప్రభువులోకి వచ్చిన కమ్మాయన, మాకు వసారాలో ఆకులేసి, బ్రదర్‌కు లోపల స్టీలు తట్ట పెట్టినారు. మా ఆకులు మేమే ఎత్తినాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నేను బాప్తిస్మం తీసుకుంటే షెడ్యూల్డు కులం కాకుండా పోతాను. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తీసినారు, మాకు తీయలేదు. చట్టం దృష్టిలో నా కులం నీళ్లలో కొట్టుకపోయింది. ఆ వసారాలో మాత్రం నా ముందరే కూచోనుండింది.

అంతటితో ఆగలేదు. పెద్దకులపోళ్లు కొత్తగా వస్తా ఉండారు, వాళ్లకు అభ్యంతరం కాకూడదు, సేవలో ఉండేవాళ్లు పెద్దకూర మానుకోవాల అన్నారు. దానికి పౌలు రాసిన ఉత్తరం చూపించినారు. మా యమ్మ కూలిడబ్బుల్తో కొనగలిగిన ఒకే ఒక బలమైన తిండి అది. తునకలు ఎండబెట్టి వానకాలానికి దాచిపెట్టేది. ఆ కూర తినే మేము నలుగురం అన్నదమ్ములం పెరిగినాం. మేము మానేసినాం. వాళ్ల విశ్వాసానికి అడ్డం రాకూడదని మా ఎముకల్లో బలం తీసి ఇచ్చినాం. మరి మా వొంటికి అభ్యంతరం కాకుండా వాళ్లు మానుకున్నది ఏంది? ఒక్కటి చెప్పండి.

మాతో తిరిగే ఆడపిల్లల గోస ఇంకా అన్యాయం. పల్లెల్లో దొడ్డికి పోయేదానికి చోటు ఉండదు. అందుకని పొద్దున బయలుదేరితే రాత్రి దాకా నీళ్లు తాగేవాళ్లు కాదు. మూత్రంలో మంట, జొరం. బయటున్న దినాల్లో కూడా మైళ్లు నడవాల, ఎవరితో చెప్పుకుంటారు? ఒక అక్క వీబీఎస్ ఆఖరి దినం పాట నేర్పిస్తా నేర్పిస్తా బడి వరండాలో కూలబడింది. ఆస్పత్రిలో చూస్తే వొంట్లో రక్తం లేదన్నారు. మా నాయకుడు ఆ సాయంత్రమే ఆమె స్థానంలో ఇంకొక ఆమెను పిలిపించినాడు. కూలికి ఎవరైనా రాకపోతే రెడ్డి చేసేదీ అదే.

ఇప్పుడు ఆ పిల్లోని సంగతి. వాని పేరు చెప్పను. శ్రీకాళహస్తి తట్టు నుంచి వచ్చినాడు. నాకంటే మూడేండ్లు చిన్న. వాడు డప్పు కొడితే కూడికకు ముసిలోళ్లు కూడా లేచి వచ్చేవాళ్లు. 1993లో వానికి క్షయ అని తేలింది. గవర్నమెంటు ఆస్పత్రిలో బిళ్లలు ఇచ్చినారు. రెండు నెలలకు దగ్గు తగ్గింది, వొళ్లు కొంచెం తేరింది. ఆ రోగం మోసం అక్కడే ఉంది. బయటికి తగ్గినట్టు కనిపిస్తాది, లోపల పురుగు చావదు. అప్పుడే ఒక స్వస్థత కూడిక జరిగింది. నమ్మినోడు మందులు ఎందుకు మోస్తాడు అని స్టేజీ మీద నుంచి గట్టిగా అడిగినారు. ఆ రాత్రి నడిచి వస్తా ఉంటే వాడు నన్ను అడిగినాడు: 'అన్నా, బిళ్లలు మానేసేదా?'

నేను ఏం చెప్పినానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. 'నీ విశ్వాసం ఎంతుందో నువ్వే చూసుకో తమ్ముడూ' అన్నాను. మానమని చెప్పలేదు. మానొద్దనీ చెప్పలేదు. మానొద్దు అంటే నాకే విశ్వాసం లేదని అందరూ అనుకుంటారని భయపడినాను. వాడు బిళ్లల పొట్లం స్వర్ణముఖిలో పారేసి, తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పినాడు. నేను ఆమెన్ అన్నాను. 1994లో వాడు చచ్చిపోయినాడు. ఇరవై ఏండ్లు. ప్రభువు పిలుచుకున్నాడు అని సమాధి కాడ చెప్పినారు. వాళ్లమ్మ మన్ను పిడికిట్లో పట్టుకుని నా తట్టు చూసింది.

మరుసటేడు నాకు దగ్గులో రక్తం పడింది. నేను స్వస్థత కూడికకు పోలేదు. భాకరాపేట ఘాటు దాటి, పీలేరు మీదుగా మదనపల్లె బస్సెక్కి ఆరోగ్యవరం పోయినాను. నేను మింగినాను. వాడు మింగలేదు. మా ఇద్దరి మధ్య తేడా విశ్వాసం కాదు, ఆ బిళ్లలే.

ఆరోగ్యవరం ఏందో కొత్తతరం పిల్లోళ్లకు తెలియాల. అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె పక్కన, కొన్ని మిషన్లు కలిసి 1912లో పెట్టుకున్న క్షయ ఆస్పత్రి అది. మొదలుపెట్టిన డాక్టరు డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. అప్పటికి క్షయకు మందే లేదు. గాలి, ఎండ, తిండి, విశ్రాంతి, ఇవే మందు. పేదోడు విశ్రాంతి తీసుకోవడం కూడా వైద్యమేనని ఒప్పుకున్న చోటు అది. చిత్తూరు నుంచి గంట దూరంలో రాయవేలూరు. అక్కడ 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టింది ఈనాటి సీఎంసీ అయింది. ఒకే రాత్రి ముగ్గురు ఆడోళ్లు, మగ డాక్టరు ముట్టకూడదనే పట్టింపు వల్ల, కాన్పులో చచ్చిపోయింది చూసి ఆమె డాక్టరైంది. మా నేలకు సువార్త మెడలో స్టెతస్కోపు వేసుకుని వచ్చింది. మిషనరీల్లో దొరతనం లేదని నేను చెప్పను. కానీ అంటరాని వొంటిని ముట్టుకుని నాడి పట్టుకున్న ఆ చేతిలోనే మా అబ్బోళ్లకు యేసు కనిపించినాడు. బిళ్లలు పారేయమనే సువార్త ఎప్పుడు వచ్చింది? ఎవరి లాభానికి వచ్చింది? చెప్పేవాళ్లకు మాత్రం స్టేజీ మీద స్వస్థత, స్టేజీ దిగితే రాయవేలూరు. గుండెకు, చక్కెరకు వాళ్లు నిలబడే వరసలోనే నేను వాళ్లను చూసినాను.

ఆరోగ్యవరంలో ఒక ముసలి నర్సమ్మ ఉండేది. నేను మొదటిదినం బిళ్లలు చేతిలో పెట్టుకుని ఏడిస్తే, ఆమె మంచం అంచున కూచుని అనింది: 'బిళ్ల మింగేటప్పుడు ప్రార్థన చేసుకో నాయనా. ప్రార్థన చేసుకునేసినా గదా అని బిళ్ల మానొద్దు.' ఇన్నేండ్లలో నేను విన్న ప్రసంగాలన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు.

బైబిల్ తెలిసిన తమ్ముళ్లకు ఇంకో మాట. పౌలు తన చేతికింద పనిచేసే కుర్ర సేవకుడు తిమోతికి, నీ కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షరసం తీసుకో అని రాసినాడు. ఉపవాసం ఉండమని రాయలేదు. చావాలని చెట్టుకింద పండుకున్న ఏలీయాకు దూత బోధ చేయలేదు, రొట్టె కాల్చి పెట్టి మళ్లీ నిద్రపోనిచ్చింది. యేసు తుపానులో పడవలో నిద్రపోయినాడు. మా కూడికల్లో పండుకుంటే మాత్రం సోమరి అన్నారు.

ఉద్యమ మిత్రులారా, ఇది కిరస్తానోళ్ల గొడవ అని పేజీ తిప్పొద్దు. మీ ఆఫీసుల్లో జెండాలు కట్టేది, గోడలకు రాసేది, టీతో రాత్రి గడిపేది ఎవరు? కార్యకర్త రక్తం కక్కితే త్యాగం అని పాట కడతాం, ఆస్పత్రికి ఎవరు తీసకపోయినారు? బాబాసాహెబు చక్కెర జబ్బుతో, కాళ్లనొప్పులతో రాత్రుళ్లు రాసినాడు. 1956 అక్టోబరు 14న లక్షలమందితో బౌద్ధం తీసుకుని, రెండు నెలలు నిండకముందే, డిసెంబరు 6న 65 ఏండ్లకే పోయినాడు. ఇంకొక పదేండ్లు ఆ వొళ్లు నిలబడి ఉంటే మన బతుకులు ఎట్లుండేవో ఒకసారి ఆలోచించండి.

త్యాగం లేకుండా సేవ ఎట్లా అని అడుగుతారు. త్యాగమంటే తనదైనది ఇవ్వడం. మా వొళ్లు ఎప్పుడు మాదైంది ఇచ్చేదానికి? ముందు దొర తీసుకున్నాడు, ఆ తర్వాత దేవుని పేరు చెప్పి ఇంకొకరు తీసుకున్నారు. మొదట మా వొళ్లు మాకు కావాల. తర్వాత ఎంత ఇవ్వాలో మేము చెప్తాం.

ఇది గాలిమాట కాదు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం ఒక సంగతి తేల్చి 1959లో చెప్పింది. గుడిసెలో ఉంటూ పేదతిండి తింటూ కూడా, బిళ్లలు తప్పకుండా మింగితే శానిటోరియంలో ఉన్నోళ్ల మాదిరే నయమవుతాదని. 2023లో జార్ఖండ్ పరిశోధన ఇంకొకటి చెప్పింది. క్షయరోగి ఇంట్లో వాళ్లకు సరైన తిండి ఇస్తే వాళ్లకు రోగం వచ్చేది సుమారు 40 శాతం తగ్గిందని. రోగం వచ్చినాక బిళ్ల, రాకముందు కూడు. రెండూ మా హక్కు. రోగుల తిండికని 2018 నుంచి ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. ఆ డబ్బు అడిగి తీసుకోవడం అవిశ్వాసం కాదు.

సంఘాలను, సంస్థలను నేను అడిగేది ఇది. సేవకు పిలిచినోళ్లు జీతం ఇవ్వండి. ఇవ్వలేకపోతే పూట కూడైనా లెక్కగా పెట్టండి. పందిరి వేసినోళ్లు ముందు తినాల. వారానికి ఒక దినం నిద్రపోనివ్వండి. ఆడపిల్లలను పంపే పల్లెలో దొడ్డి, నీళ్లు ఉండాయో లేదో ముందు చూడండి. రెండు వారాలు దగ్గు ఉన్నోనికి తెమడ పరీక్ష చేయించండి. పెద్దకూర గిన్నె మీద మూత పెట్టమనొద్దు. బిళ్లలు మానమని చెప్పే నోటికి మైకు ఇవ్వొద్దు. ఇచ్చినారంటే ఆ చావులో మీకూ వాటా ఉంది. నాకు ఉంది కాబట్టే చెప్తా ఉండా.

క్రిస్మస్‌కు ఏటా ఆ పిల్లోని యమ్మ దగ్గరికి పోతాను. ఆమె నన్ను క్షమించిందో లేదో అడగలేదు. నేను పోతానే ఆమె అడిగే మొదటి మాట ఒకటే. 'కూడు తింటివా నాయనా?' తట్ట పెడతాది. తింటాను. శుక్రవారమైనా తింటాను. ఇప్పుడు యవనస్తుల కూడికలకు నన్ను ఎప్పుడైనా పిలుస్తారు. నేను బైబిల్ తెరవకముందు, పాట ఎత్తకముందు అదే అడుగుతాను. పొద్దున తిన్నోళ్లు చేతులెత్తండి. ఎత్తని చేతులు ఎన్ని ఉంటే అన్ని ఇడ్లీ పొట్లాలు వచ్చేదాకా ప్రసంగం మొదలుపెట్టను.